పగిడయ్య ఇంజనుకు పురుడు

బూర్గంపాడు నుంచి అడవి దారి పట్టి వచ్చే లారీలన్నీ పాలవాగు గూడెం దగ్గర గుట్ట ఎక్కేసరికి రొప్పుతాయి. మూతిలోంచి ఆవిర్లు కక్కుకుంటూ మలుపులో ఆగిపోతాయి. అట్లా ఆగిన లారీకి మొదట ఎదురొచ్చేది పగిడయ్య. ఆయన పొలం ఆ మలుపు కిందనే. లారీ మూలుగు చెవిన పడితే చాలు, చేతిలో పార అక్కడే జారవిడిచి, బిందె నింపుకుని గుట్ట ఎక్కేవాడు. డ్రైవరుది ఏ ఊరు, ఏం సరుకు పోతున్నది అని ఒక్క మాట అడిగేవాడు కాదు. "పాపం, దూపయింది దానికి" అనేవాడు. డ్రైవరుకు దూపయిందో లేదో అన్నది తర్వాతి సంగతి.

ప్రాణమున్నది, ప్రాణం లేనిది అనే తేడా పగిడయ్యకు చిన్ననాటి నుంచీ తక్కువే. అడవిలోకి మొదటిసారి రోడ్డు రోలరు వచ్చిన రోజు మిగతా పిల్లలు జడుసుకుని చెట్లెక్కితే, ఈయన మాత్రం పచ్చగడ్డి కోసుకొచ్చి దాని ముందు వేశాడట. అది ముట్టలేదని పొద్దుగూకేదాకా దిగులు. పెద్దయ్యాక అదే రోడ్డు పనికి కూలికి పోయి, రోలరును తుడుస్తూ, గ్రీజు పూస్తూ, ఏ బోల్టు ఎందుకుందో కనిపెట్టుకున్నాడు. పెండ్లిచూపులకు పోయిన నాడు కూడా ముత్తక్క వాళ్ళ ఇంటి ముందు ఒక సైకిలు చైను ఎండిపోయి కనబడింది. ముందు దానికి నూనె పెట్టి, చేతులు కడుక్కుని, ఆ తర్వాతే లోపలికి పోయాడు.

"ఆనాడు నన్ను చూసినవా, సైకిల్‌ను చూసినవా?" అని ముత్తక్క ఇప్పటికీ అడుగుతుంది.

"రెండూ మంచిగనే ఉన్నయి" అంటాడు పగిడయ్య. అబద్ధం ఆడే అలవాటు లేదు మరి.

ముత్తక్క ఆ గూడేనికి మంత్రసాని. ఊళ్ళో నడుస్తున్న కాళ్ళలో సగం కాళ్ళు ఆమె చేతుల మీదుగా భూమ్మీదికి వచ్చినవే. పురుడు విషయంలో ఆమె ఒక మాట అన్నదంటే దానికి తిరుగు లేదు. ఆమె బాలింతలను చూసుకుంటే, పగిడయ్య ఇంజనును చూసుకునేవాడు. వాగు ఒడ్డున, ముత్యాలమ్మ రాయి పక్కన, ఆయనకో పాత ఆయిలింజను ఉండేది. సత్తుపల్లి దిక్కు ఒక రైతు కరెంటు మోటారు పెట్టుకున్నాక దాన్ని వదిలించుకుంటే పగిడయ్య ఎడ్లబండి మీద తెచ్చుకున్నాడు. పొద్దున్నే అమ్మవారికి దండం పెట్టి, అదే చేత్తో ఇంజను నుదుట కూడా ఇంత కుంకుమ పెట్టేవాడు. డీజిలు పోస్తూ "తాగు బిడ్డా, నెమ్మదిగ తాగు" అనేవాడు. హ్యాండిలు తిప్పగానే అది ఒకసారి దగ్గి, ఒకసారి తుమ్మి, ఆ తర్వాత టకటకమని అందుకుంటే, వాగు నీళ్ళు కాలువలోకి దూకేవి. ఆయన మడి, పక్కనే ముత్తక్క తమ్ముడు దూలయ్య మడి, రెండూ ఆ నీళ్ళకే బతికేవి.

ఆ ఏడు వానలు ముందే ముఖం చాటేశాయి. అప్పుడప్పుడే రోడ్డు మీద పోయేవాళ్ళ జేబుల్లో సెల్‌ఫోన్లు మోగుతున్న రోజులు. గూడెంలో మాత్రం మోగేది ఇంజనొక్కటే. వరి పాలు పోసుకుంటున్నది. ఆ సమయంలో తడి అందితే గింజ, అందకపోతే తాలు. సంవత్సరం తిండి ఆ తడి మీద ఉన్నది.

సరిగ్గా అప్పుడే ఒక ఎండ్రకాయ వచ్చి పని చెడగొట్టింది.

ఇంజను నడిచేటప్పుడు వేడెక్కకుండా పంపు నుంచి ఒక సన్నపు గొట్టంలో నీళ్ళు దాని ఒంట్లోకి పోతాయి. ఆ గొట్టంలో ఎండ్రకాయ పిల్ల ఒకటి దూరి కాపురం పెట్టింది. నీళ్ళు ఆగాయి. ఇంజను కాగింది. పగిడయ్య కలుపు తీస్తున్నవాడు మాడు వాసన పట్టి పరుగెత్తుకొచ్చేసరికి దాని ఒళ్ళు పెనంలా ఉన్నది. ఆపాడు. ఆపి ఊరుకుంటే బాగుండేది. ఎన్ని లారీలకు నీళ్ళిచ్చిన చెయ్యి, సొంత బిడ్డకు ఇవ్వకుండా ఉంటుందా? బిందెడు వాగునీళ్ళు చల్లచల్లనివి తెచ్చి, "అయ్యో, ఎంత దూపయింది నీకు" అంటూ నెత్తి మీద నుంచి పోశాడు.

టక్ మన్నది.

చిన్న చప్పుడే. గోరుతో కుండను కొట్టినట్టు. ఆవిరి పోయాక చూస్తే ఇంజను పైభాగం, హెడ్డు అంటారే, దాని పక్కగోడ మీద పైనుంచి కింది అంచు దాకా వెంట్రుకంత గీత. దయ అనేది దేవుడు మనిషికి చేతినిండా ఇచ్చాడు. ఎప్పుడు పొయ్యాలో మాత్రం మనిషే నేర్చుకోవాలి.

దూలయ్య వచ్చి చూశాడు. బావ మీద జోకులు వేయడం బావమరిదికి పుట్టుకతో వచ్చిన హక్కు. దాన్ని ఆయన ఏ కష్టంలోనూ వదులుకోలేదు.

"బావా, స్నానం చేయించినవ్ సరే. తువ్వాలతోని తుడిచినవా లేదా? జలుబు చేసినట్టున్నది."

"నవ్వకురా. నీ మడి కూడా ఎండుతది."

ఆ మాటకు దూలయ్య నవ్వు సగంలో ఆగింది.

ఖమ్మం పోయి అడిగితే ఆ మోడల్ హెడ్డు ఇప్పుడు రావడం లేదు, కొత్త ఇంజను కొనుక్కోమన్నారు. పగిడయ్యకు బిడ్డ కాలు విరిగితే కొత్త బిడ్డను తెచ్చుకోమన్నట్టు అనిపించింది. తిరిగొచ్చి సొంత వైద్యం మొదలుపెట్టాడు. పగిలిన నీళ్ళ గోలేనికి పూసినట్టే సున్నం, బెల్లం, కోడిగుడ్డు సొన కలిపి మెత్తగా నూరి, గీతలో కూరి, ఎండలో ఆరబెట్టి, హ్యాండిలు తిప్పాడు. ఇంజను మొదలైంది. పగిడయ్య చేతులు జోడించాడు. కాసేపటికి వాగు ఒడ్డంతా అరిసెలు కాలుతున్న వాసన. ఆ తర్వాత ఫట్ మని ఆ ముద్దంతా ఎగిరి దూలయ్య తలగుడ్డకు అతుక్కున్నది. అదొక్కటే ఆ మందు గట్టిగా అతుక్కున్న చోటు.

"ఎట్లున్నదిరా?" అన్నాడు పగిడయ్య, కంగారుగా.

దూలయ్య వేలితో తీసి నాకి చూశాడు. "బెల్లం జర తక్కువయింది."

ఇక లాభం లేదని హెడ్డును విప్పి, గోనెపట్టాలో చుట్టి, ఎత్తుకుని బస్సెక్కాడు పగిడయ్య. బూర్గంపాడులో వెల్డింగు హమీద్ దుకాణంలో దించాడు. హమీద్‌కూ ఆయనకూ ఆ మలుపు దగ్గరే స్నేహం. ఒకప్పుడు పెండ్లిసామాన్ల వ్యానుతో హమీద్ అక్కడ ఆగిపోతే, ఎప్పటిలాగే పగిడయ్య బిందెతో ఎదురుపోయాడు.

హమీద్ నల్లకళ్ళద్దాలు పెట్టుకుని కుర్చీలో కూర్చుని ఉన్నాడు. వేళ్ళతో గీతను తడిమాడు.

"వేడి మీద నీళ్ళు పోసినవా పగిడన్నా?"

"పోసిన."

"ఆనాడు నా వ్యాన్ మీద కూడ గట్లనే పోసినవ్. అది బతికిందంటే నీ పుణ్యం కాదు, దాని అదృష్టం."

పగిడయ్య తల వంచుకున్నాడు. హమీద్ మెత్తబడ్డాడు. కళ్ళకు ఆపరేషన్ అయింది, మంట దిక్కు చూడొద్దని దవాఖానాలో చెప్పారు, కొడుకు దానిష్ ఖమ్మంలో చదువుకుంటున్నాడు, దుకాణం మూసే ఉన్నది అని చెప్పుకొచ్చాడు. అంతా చెప్పి మళ్ళీ గీత మీద వేలు పెట్టాడు.

"దీనికి ఇత్తడి పోసి అతకాలె. అతకడం పెద్ద పని కాదు. పోత ఇనుము మొండిది, అలుగుతది. ముందు ఒళ్ళంతా మెల్లగ వేడి చెయ్యాలె. అతికినంక ఒళ్ళంతా మెల్లగ చల్లారాలె. జరంత గాలి తగిలినా, ఒక్క నీళ్ళ చుక్క పడినా మళ్ళ టక్. ఈ రోడ్డు మీద చేస్తే పోయే ప్రతి బస్సూ గాలి కొడతది. మీ ఇంటికాడ్నే చెయ్యాలె. నేను కూసోని చెప్త. నువ్వు చెయ్యి."

"నేనా?"

"కళ్ళున్నయి గదా నీకు."

మర్నాడు హెడ్డు, గ్యాసు సిలిండర్లు, గొట్టాలు, ఇత్తడి కడ్డీలు కిరాయి ఆటోలో వేసుకుని హమీద్ గూడెం వచ్చాడు. రంజాన్ నెల. ఆయన రోజా ఉన్నాడు. భార్య ఫజిలత్ ఖర్జూరాల పొట్లం కట్టిచ్చి, నల్లద్దాలు జారిపోకుండా వెనక దారంతో కట్టి మరీ పంపింది. మంట దిక్కు వీపు పెట్టి కూర్చోవాలని ఒట్టు వేయించుకున్నదట. ముత్తక్క అలవాటుగా చెంబుతో మంచినీళ్ళు తెచ్చి, సంగతి తెలిసి నాలుక కరుచుకుని వెనక్కి పోయింది. ఆ పగలు ఆ ఇంట్లో ఎవరూ హమీద్ కనబడేచోట గుటక వేయలేదు. దూలయ్య బీడీ కూడా గుట్ట వెనక్కి పోయి తాగొచ్చాడు.

"ముందు చెయ్యి కుదరాలె. పాత ఇనుము దేన్నన్న అతికి చూపెట్టు" అన్నాడు హమీద్, గోడ దిక్కు ముఖం పెట్టి.

దూలయ్య సైకిలు స్టాండు విరిగి ఉన్నది. పగిడయ్య గ్యాసు వెలిగించాడు. మంట బుస్సుమన్నది. ఆయన రెండడుగులు వెనక్కి గెంతాడు.

"మంట గుసగుసలాడాలె. నీది అరుస్తున్నది. తగ్గియ్" అన్నాడు హమీద్, చూడకుండానే. "ఇప్పుడు మంచిగున్నది. ఇనుము ఎర్రగయినంక వెలిగారం పొడి అద్దుకున్న కడ్డీ తగిలియ్. ఇత్తడి నీళ్ళ లెక్క పారిందా, గోలీల లెక్క దొర్లిందా?"

"గోలీలు."

"వేడి చాలలే. ఇంకొంచెం."

"పారింది భాయ్."

"అతికిందా?"

పగిడయ్య సైకిలును ఊపి చూశాడు. స్టాండు బ్రహ్మాండంగా అతికింది. సైకిలు చట్రానికి కూడా కలిపి అతికింది. కిందికి దిగిన స్టాండు ఇక జన్మలో పైకి లేవదు.

"అతికింది. ఇగ లేవదు" అన్నాడు.

"అంటే పని వచ్చింది" అన్నాడు హమీద్.

దూలయ్య తన సైకిలు చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. "మంచిదే బావా. ఇగ దొంగలు ఎత్తుకపోరు. నేను గూడ ఎక్కిపోను."

అసలు పని మధ్యాహ్నం మొదలైంది. గీత పాకకుండా దాని చివర చిన్న రంధ్రం వేశారు. గీత పొడుగునా ఆకురాయితో రాసి లోతు చేశారు. తుమ్మబొగ్గుల కుంపటి మీద హెడ్డును పెట్టి, చుట్టూ బొగ్గులు పేర్చి, పాత రేకు కప్పారు. పెట్టే ముందు పగిడయ్య దాని మీద చెయ్యి వేసి "జరంత ఓర్చుకో బిడ్డా" అన్నాడు. చీపురు పుల్ల తగిలిస్తే పొగ వచ్చేంత వేడి కావాలన్నాడు హమీద్. ఆ పుల్ల పెట్టి చూసే పని దూలయ్య తీసుకున్నాడు. ముత్తక్క చీపురు ఆ రోజుతో సగమైంది.

ఎంతసేపు పట్టిందో ఎవరూ చూడలేదు. పగిడయ్య కళ్ళకు హమీద్ ఇచ్చిన వేరే జత నల్లద్దాలు. ఇద్దరు నల్లద్దాల మనుషులు ఒకరికొకరు వీపు పెట్టుకుని మాట్లాడుకుంటుంటే, ఇంటి ముందు పోయేవాళ్ళు వీళ్ళకు ఏదో తగువయిందనుకున్నారు. ఇత్తడి గీతలోకి తేనెలా పారింది. చివరికి కింది అంచు దగ్గర ఒక చుక్క ఎక్కువ పడి, చిన్న బుడిపెలా నిలిచిపోయింది.

"భాయ్, అంచు కాడ ఉబ్బింది."

"ఉబ్బనీ, తర్వాత చూస్తం. ఇప్పుడు జల్దీ కప్పండి. బూడిద ఏది?"

ఇక్కణ్ణుంచి ముత్తక్క రాజ్యం. ఆమె అప్పటికే పంచలో గుంట తీయించి, ఊకబూడిద జల్లించి, వెచ్చబెట్టి సిద్ధంగా ఉంచింది. హెడ్డును పటకార్లతో దించగానే చుట్టూ బూడిద నింపింది. పైన రేకు వేసి, రేకు మీద పగిడయ్య గొంగడి కప్పింది. గాలి వచ్చే దిక్కు చాప కట్టింది. వాకిట్లో వేపమండ గుచ్చింది. ఇరవై ముప్ఫై ఏండ్లుగా ఆమె చేతులకు తెలిసిన పని ఇదే. వెచ్చగా ఉంచాలి, గాలి తగలొద్దు, నీళ్ళు ముట్టొద్దు, అదేపనిగా తెరిచి చూడొద్దు.

"మనిషికైనా ఇనుముకైనా ఒక్కటే" అన్నది చేతులు దులుపుకుంటూ.

"వదినా, నాకు ఇది నేర్చుకోడానికి పదేండ్లు పట్టింది" అన్నాడు హమీద్ గోడ దిక్కు నుంచి.

పక్క తండా నుంచి సక్రి అనే ముసలామె అటు పోతూ వేపమండ చూసి ఆగింది. "ఎవరు ముత్తక్కా, ఎవరికి కాన్పు?" అన్నది. సంగతి చెబితే నోరు తెరుచుకుని గొంగడి దిక్కు చూసింది.

"బరువు మంచిగున్నదా?"

"పటకార్లతోని ఇద్దరు మోస్తెగాని లేవలే."

"అయితే భయం లేదు" అన్నది సక్రి. పోయి శొంఠి, బెల్లం మూట కట్టుకుని తెచ్చింది. "బిడ్డకు కాదమ్మా, నీకు. తెల్లందాక కనిపెట్టుకోని కూసునేది నువ్వే గదా" అని ఒళ్ళో పెట్టి పోయింది.

పశువులు ఇండ్లకు మళ్ళే వేళ అసలు గండం వచ్చింది. అది బొజ్జయ్య రూపంలో వచ్చింది.

బొజ్జయ్య ముత్యాలమ్మకు పూజారి. ఊరికంతా పెద్దయ్య. మోకాళ్ళ నొప్పులతో వాకిలి దాటని మనిషి. పగిడయ్య ఇంజనుకు జ్వరం వచ్చింది, నిప్పుల మీద పెట్టారు అని ఎవరో చెబితే ఆయనకు ప్రాణం ఆగలేదు. అమ్మవారి దగ్గరికి పోయి, పసుపు నీళ్ళు చెంబునిండా పట్టుకుని, వేపరెమ్మ వేసుకుని, కర్ర ఊతంతో వాగు నుంచి ఇంటిదాకా నడిచొచ్చాడు.

"ఏడున్నదిరా బిడ్డా? అమ్మ నీళ్ళు చల్లుత. రెండు చెంబులు తెద్దమనుకున్న, మోకాళ్ళు మొయ్యలే."

బూడిద కింద హెడ్డు ఇంకా నిప్పులా ఉన్నది. ఆ నీళ్ళు పడితే టక్. టక్ అంటే పైరు తాలు. వద్దందామంటే అవి అమ్మవారి నీళ్ళు. పగిడయ్యకు పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి ఆ నీళ్ళకు తల వంచడమే తెలుసు గానీ వద్దనడం తెలియదు. హమీద్ లేచి నిలబడ్డాడు. ఇంకొకరి దేవుడి నీళ్ళను ఆయన మాత్రం ఎట్లా ఆపుతాడు? మళ్ళీ కూర్చున్నాడు. ఎప్పుడూ మాట తడుముకోని దూలయ్య కూడా తన కదలని సైకిలు బెల్లు ఒకసారి మోగించి ఊరుకున్నాడు.

బొజ్జయ్య గడప మీదికి కాలెత్తాడు.

"పెద్దయ్యా, ఆగు" అన్నది ముత్తక్క. "గడప తొక్కకు. ఇంట్ల పురుడున్నది."

పురుటి ఇంట్లో పూజారి కాలు పెట్టడు. అమ్మవారి నీళ్ళు ఆ గడప దాటవు. అది ఎప్పటి నుంచో ఉన్న కట్టు. బొజ్జయ్య ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచి, కర్ర మీద కొంగలా నిలబడ్డాడు.

"ఎవరికి పురుడు?"

"ఇంజనుకు."

"ఎవరు పోసిన్రు?"

"నేనే."

బొజ్జయ్య ఆలోచించాడు. ఆయన మనవలందరినీ పట్టిన చేతులవి.

"ఒళ్ళు వేడున్నదా?"

"ఉన్నది."

"గాలి తగలొద్దా?"

"తగలొద్దు."

"నీళ్ళు ముట్టొద్దా?"

"ముట్టనే ముట్టొద్దు."

"అయితే పురుడే" అన్నాడు బొజ్జయ్య. కాలు వెనక్కి దించుకున్నాడు. చెంబులో నీళ్ళు వాకిట్లో వేపమండ మొదట్లో పోసి, "తల్లీబిడ్డా సల్లగుండాలె" అని దీవించి, వచ్చిన దారినే పోయాడు. తల్లి ఎవరో ఆయనా అడగలేదు, వీళ్ళూ చెప్పలేదు.

హమీద్ రోజా విడిచే వేళయింది. ముత్తక్క ఉడకబెట్టిన గనుసుగడ్డలు, నీళ్ళు తెచ్చి ముందు పెట్టింది. పగలంతా తామూ నీళ్ళు ముట్టలేదని ఆమె చెప్పలేదు. పగిడయ్య గటగటా తాగిన తీరు విని హమీద్‌కే అర్థమైంది. ఖర్జూరాల పొట్లం విప్పి, మొదటిది తన నోట్లో వేసుకుని, రెండోది పగిడయ్య చేతిలో పెట్టాడు. ఆ రాత్రి ఆయన అక్కడే పడుకున్నాడు. తెల్లారకముందే సహరీ తిండికి లేచి చూసుకుంటే, కాన్పులకు లేచి లేచి అలవాటైన ముత్తక్క అప్పటికే జొన్నరొట్టె కాల్చి పెట్టి ఉన్నది.

మర్నాడు ఎండ నడినెత్తి దాటాక గొంగడి తీశారు. బూడిద గోరువెచ్చగా ఉన్నది. హెడ్డు కూడా చెయ్యి పెట్టేంతగా చల్లారింది. పగిడయ్య చెవి ఆనించి, గోటితో కొట్టి చూశాడు. గుడిగంటలా ఖంగుమన్నది. నీళ్ళు నింపి చూశారు. ఒక్క చుక్క బయటికి రాలేదు. హమీద్ గీత మీద వేలు నడిపి "ఏం అతికినవ్ పగిడన్నా" అన్నాడు. పగిడయ్యకు కళ్ళు తడిశాయి. దూలయ్య కూడా జోకు మానేసి దండం పెట్టాడు.

హెడ్డును గోనెపట్టాలో చుట్టుకుని వాగు దిక్కు నడిచారు. ఒడ్డున అమ్మవారి రాయి ముందు బొజ్జయ్య కూర్చుని ఉన్నాడు. వీళ్ళను చూసి కర్ర అడ్డం పెట్టాడు.

"యాడికి?"

"ఇంజను బిగిస్తం పెద్దయ్యా. పైరు ఎండుతున్నది."

"పురుటి మనుషులు అమ్మ దగ్గరికి రావద్దు. బొడ్డు ఊడనీ."

నలుగురూ ముఖాలు చూసుకున్నారు. పురుడు తెచ్చిపెట్టుకున్నారు గానీ పోగొట్టుకునే దారి ఎవరూ ఆలోచించలేదు. కాలువ అవతల వరి అంచులు పసుపురంగుకు తిరుగుతున్నాయి.

"అయితే నేను బిగిస్త పెద్దయ్యా. ఇల్లు వేరు గదా నాది" అన్నాడు దూలయ్య.

"నువ్వు ముత్తక్క తమ్మునివి. బిడ్డకు మేనమామవి. నీకూ పురుడే. ఉయ్యాల కూడ నువ్వే తేవాలె."

అప్పుడు హమీద్ అందుకున్నాడు: "పెద్దయ్యా, అసలు ఇది ఇంకా ఇంజను మీద కూసోదు గూడ. అంచు కాడ ఇత్తడి బుడిపె ఉన్నది. అది తీసేదాక లోపల సందు ఉంటది."

ముత్తక్క వంగి చూసింది. హెడ్డు అంచున, నున్నటి ఇనుము మీద, మినప గింజంత బుడిపె. కాన్పయిన బిడ్డ పొట్ట మీద ఎండుతున్న బొడ్డులాగే ఉన్నది. ఆమె మొగుడి దిక్కు ఒకసారి చూసి, పెద్దయ్య దిక్కు తిరిగింది.

"ఇగో పెద్దయ్యా. ఇదే గదా బొడ్డు."

బొజ్జయ్య కండ్లు చికిలించి, వేలితో ముట్టి, తల ఊపాడు. "ఇదే" అన్నాడు. "మరి ఊడదీయరాదా? ఎందుకు సూస్తున్నరు?"

ఊడదీసే అధికారం ఎవరిదో అడగక్కరలేదు. ముత్తక్క కొంగు బిగించి ఆకురాయి అందుకున్నది. మేనమామ ఒళ్ళో పట్టుకోవాలి కాబట్టి దూలయ్య కాళ్ళు చాపుకుని హెడ్డును ఒళ్ళో పెట్టుకున్నాడు. హమీద్ ముత్తక్క ముఖం చూసుకునే అద్దాన్ని తెప్పించి, దాని మీద కాటుక పలుచగా రాయమన్నాడు. హెడ్డును అద్దం మీద ఆనించి తీస్తే ఎక్కడ ఎత్తుగా ఉంటే అక్కడ నలుపంటుతుంది. అంటిన చోటే రాయాలి.

"సూసినవా, కాటుక గూడ పెడుతున్నరు" అన్నాడు బొజ్జయ్య, తృప్తిగా.

రాసి, ఆనించి, మళ్ళీ రాసి, మెల్లగా బుడిపె అరిగింది. చివరి తునక కాస్తా దూలయ్య పంచె మీద రాలింది. ముత్తక్క దాన్ని తీసి కాలువ గట్టున మట్టిలో పెట్టి కప్పింది. ఆఖరుసారి అద్దం మీద ఆనిస్తే కాటుక ఒళ్ళంతా ఒకే తీరుగా అంటింది.

"పురుడు పోయింది. రాండ్రి" అని బొజ్జయ్య కర్ర తీసేశాడు. పక్కన పెట్టుకున్న చెంబు ఎత్తాడు. నిన్న చల్లలేకపోయిన నీళ్ళు ఆయన మనసులో బాకీగా ఉన్నాయి మరి.

"పెద్దయ్యా, ముందు చెయ్యి పెట్టి సూడు. సల్లగున్నదా?" అన్నాడు పగిడయ్య.

"సల్లగున్నదిరా."

"ఇంకోసారి సూడు."

ఇంకోసారి చూసి, పసుపు నీళ్ళు చల్లాడు. అందరూ చెవి పెట్టి విన్నారు. టక్ మనలేదు.

హెడ్డు బిగించారు. గొట్టంలో కాపురమున్న ఎండ్రకాయను పగిడయ్య నొప్పి కలగకుండా పుల్లతో బయటికి పిలిచి వాగులో వదిలి, గొట్టం మూతికి పలుచటి గుడ్డ కట్టాడు. కుంకుమ పెట్టి హ్యాండిలు తిప్పాడు. ఇంజను దగ్గింది. తుమ్మింది. ఊరుకున్నది. పగిడయ్య కళ్ళు మూసుకుని ఇంకోసారి తిప్పాడు. దగ్గి, తుమ్మి, టకటకమని అందుకున్నది. నీళ్ళు కాలువలో పడి, నెర్రెలు తాగినంత తాగనిచ్చి, మెల్లగా మడిలోకి పాకాయి. వరి మొదళ్ళు తడిసే వాసన వచ్చింది. హమీద్ గోడ లేకపోయినా అలవాటుగా వీపు తిప్పి కూర్చుని, ఆ చప్పుడు వింటూ తల ఆడించాడు.

"గొంతు మంచిగున్నది" అన్నాడు.

ఆ ఏడు గింజ పడ్డది. పండిన వడ్లలో ఒక బస్తా బూర్గంపాడు పోయింది. హమీద్ వద్దంటే, బిడ్డ పుట్టినందుకు పంచినవని చెప్పి దించి వచ్చాడు దూలయ్య, నెత్తిన మోసుకునే. సైకిలు స్టాండు అప్పటికీ లేవలేదు.

కోతలయ్యాక ఒకనాడు మలుపులో మళ్ళీ ఒక లారీ ఆగి ఆవిర్లు కక్కింది. పగిడయ్య ఎప్పటిలాగే బిందెతో గుట్ట ఎక్కాడు. డ్రైవరు బానెట్ ఎత్తి "పొయ్యి పెద్దాయనా, జల్దీ పొయ్యి" అని చెయ్యి చాపాడు. పగిడయ్య బిందెను వెనక్కి దాచుకున్నాడు. ముంతలో నీళ్ళు ముంచి డ్రైవరుకు ఇచ్చాడు.

"ముందు నువ్వు తాగు. తాగి ఆ చెట్టు కింద కూసో."

"మరి బండికి?"

"దాని ఒళ్ళు సల్లారాలె" అన్నాడు పగిడయ్య, లారీ మూతికి గాలి తగలకుండా తన తువ్వాల అడ్డం కడుతూ. "వేడి మీద పోస్తే మా ఆడమనిషి వచ్చి పురుడు పొయ్యాల్సొస్తది. ఈ సైజుకు మా ఇంట్ల గొంగడి లేదు."